అవ్వ దండలోని ఇత్తడి బిళ్ళ

టేకులపల్లి పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేరిన కొత్తలో రోజంతా నా ఎదుట ఉండేవి పశువులే. సూది గుచ్చితే అవైనా అరిచేవి. సాయంత్రం గదికి పోతే ఆ అలికిడీ లేదు.

ఎనభైల మొదట్లో చిల్లరకు కరువు. హోటల్లో టీ తాగితే పది పైసలకు బదులు రేకు బిళ్ళ చేతిలో పెట్టేవారు. అది ఆ హోటల్లో తప్ప ఎక్కడా చెల్లదు. అందరూ తిట్టుకుంటూ మర్నాడు టీకి మార్చేసేవారు. నేను మాత్రం అగ్గిపెట్టెల్లో దాచి, పైన అవి ఏ ఊరి హోటలువో రాసేవాణ్ణి. గది అద్దెకిచ్చిన ఇంటాయన చూసి, "పెండ్లి చేసుకో సారూ, ఈ పిచ్చి పోతది" అన్నాడు. ఒళ్ళు మండింది. వద్దని నేనన్నానా?

సంతలో చీపుర్లమ్మే అవ్వ మెడలో పాత కాసుల దండ ఉండేది. అందులో తక్కెడ గుర్తున్న ఇత్తడి బిళ్ళ ఒకటి. వెనకటి పెద్ద యుద్ధంలో చిల్లర మాయమైతే ఉప్పు షావుకారు సొంతంగా కొట్టించి ఇచ్చాడట. షావుకారూ పోయాడు, దుకాణమూ పోయింది. ఆ బిళ్ళ మీద నా కన్ను పడింది.

"ఎంతకిస్తవ్ అవ్వా?"

"ఇయ్యను బిడ్డా."

ప్రతి సంతకూ వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా చీపురు కొన్నాను. ఒంటిగాడి గదిలో మూలకో కట్ట! అవ్వ గోనెపట్టా మీద చోటిచ్చి, ఆకులో తునికి పండ్లు పెట్టి, "ఏం కూర వండుకున్నవ్?" అనేది. ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. బిళ్ళ ఊసెత్తితే మాత్రం నవ్వేది.

"ఇస్తే మళ్ళ రావు."

రెండేళ్ళకు కల్లూరుకు బదిలీ అయింది. ఆఖరి సంతలో ఆ సంగతి దాచాను.

"వచ్చే సంతకు గూడ వస్త అవ్వా. ఒట్టు."

అవ్వ నా మొహంలోకి చూసింది. దండ విప్పి, బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. "అయితే పండ్లు ఇంకిన్ని తెస్త" అంది.

ఏరు దాటాక తెప్ప తగలేశానని నన్ను నేనే తిట్టుకున్నాను. కల్లూరులో పొద్దున్నే బస్సెక్కితే సంత వేళకు చేరుకోవచ్చు. ఏం మొహం పెట్టుకొని పోను?

బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చూపిద్దామంటే మనిషి లేడు. ఏం కూర వండుకున్నావని మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఆ వచ్చే సంతకు అవ్వ పండ్లు తెచ్చే ఉంటుంది.