తెలుగులో చెప్పిన మాట

ఇది రాయనా అని ఐవీని అడిగాను. ఫ్రీపోర్టులో ఉండే ఆమె చెల్లెలు పోయిన ఏడు కాలం చేసింది. ఇక ఈ సంగతి వల్ల నష్టపోయేవాళ్ళెవరూ లేరు, రాసుకో అంది. అంతే అంది.

ఐవీ మా బిల్డింగులో రెండో అంతస్తు. జిండెల్ఫింగెన్ కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు మా వీధి చివర ఆగుతుంది. ఉదయం షిఫ్టు వాళ్ళకంటే ముందే ఆ బస్సెక్కి ఆఫీసులు తుడవడానికి పోయేది. ఆమెది బహామాస్. అమెరికా పక్కన సముద్రంలో చిన్న చిన్న దీవులన్నీ కలిపి ఒక దేశం. పదహారో ఏట హోటల్లో దుప్పట్లు మార్చే పనిలో చేరింది. సెలవులకు వచ్చిన గుంటర్ అనే ఫిట్టరు ఆమెను చూసి, మరుసటి ఏడు మళ్ళీ వచ్చి, ఆ పై ఏడు పెళ్ళి చేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు. పిల్లలు లేరు. గుంటర్ పోయి చాలా కాలమైంది.

మేము వచ్చింది తొంభై అయిదులో. మా ఆయన లక్ష్మణరావు గారు ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, తణుకు దాటి ఎరగను. మా బిల్డింగులో మెట్లు తుడిచే వంతు వారానికొక ఇంటిది. ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక తగిలిస్తారు. వచ్చిన రెండో వారం మా తలుపుకి తగిలించారు. అదేదో శుభానికి పెట్టారనుకుని దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఐవీ అది చూసి కడుపు పట్టుకుని నవ్వి, పైకి పోయి చీపురు తెచ్చి, నాతోపాటు కింద దాకా మెట్లన్నీ తుడిచింది. నాకు జర్మన్ నేర్పింది బడి కాదు, ఆమే.

మధ్య అంతస్తులో రోసిటా. ఆమెది గువామ్. అదీ దీవే, కానీ భూమికి అటువైపు, జపాన్‌కు దిగువన. ఆ దీవిలో మొదటి నుంచీ ఉన్నవాళ్ళను చమోరోలంటారు. దీవి మాత్రం అమెరికాది. రోసిటా భర్త అమెరికా సైన్యంలో చేసి, పక్క ఊళ్ళో దండు ఉంటే అక్కడే రిటైరై, ఈ ఊళ్ళోనే పోయాడు.

శనివారం మధ్యాహ్నాలు ముగ్గురం మా వంటింట్లో కూర్చునేవాళ్ళం. వాళ్ళిద్దరికీ క్షణం పడేది కాదు, ఒకళ్ళు లేకపోతే ఇంకొకళ్ళకి తోచేదీ కాదు.

"మీ ప్రెసిడెంటు రమ్మంటే యుద్ధానికి పోయి చస్తారు. ఆయనకి ఓటు వేసే హక్కు మాత్రం మీ దీవిలో లేదు. నువ్వు నాకు చెబుతావా?" అనేది ఐవీ.

"మీకు ఓటుంది, ప్రధానమంత్రి ఉన్నాడు. ఉల్లిపాయ మాత్రం మయామి నుంచి రావాలి."

"మీ ఉల్లిపాయ ఎక్కడి నుంచి వస్తుందమ్మా?"

"కాలిఫోర్నియా నుంచి."

"అది ఇంకా దూరం కదే, మొహమా!"

నాకు అర్థమైనంతలో ఇద్దరి కథా ఒక్కటే, కంచెలు వేరు. రోసిటా తాతగారి కొబ్బరితోట సైన్యం కంచెలోకి పోయింది. ఐవీ చిన్నప్పుడు ఈతకొట్టిన ఒడ్డు హోటలు కంచెలోకి పోయింది. ఒకరింట్లో మగపిల్లలు యూనిఫారం వేసుకుని బతుకుతారు, ఇంకొకరింట్లో ఆడపిల్లలు టూరిస్టుల పక్కలు సర్ది బతుకుతారు.

కరోనా వచ్చాక తేడా ఏమిటో తెలిసింది. రెండు దీవుల్లోనూ టూరిస్టులు ఆగిపోయారు. రోసిటా మేనకోడలికి హోటల్లో ఉద్యోగం పోతే అమెరికా నుంచి చెక్కులొచ్చాయి. ఐవీ చెల్లెలు ఓడల్లో దిగేవాళ్ళకు తాటాకు బుట్టలు అల్లి అమ్మేది. ఓడలు రాలేదు. ఆమెకు బియ్యం, డబ్బాల కూరలు ఉన్న సంచీ ఒకటి వచ్చేది. అంతకు ముందు సెప్టెంబరులో వచ్చిన తుపానుకు ఆమె ఇంటి కప్పు లేచిపోయి, టార్పాలిన్ కింద ఉంటోంది. రోసిటా ఆ చెక్కుల మాట ఐవీ ముందు ఎత్తడం మానేసింది.

ఆ ఏడే నవ్యశ్రీ మా ఇంటికి వచ్చింది. వరంగల్ దగ్గరి పిల్ల, మాస్టర్స్ చదువుతోంది. హాస్టల్లో ఒక్కతే గదిలో మగ్గుతోందని తెలిసి, మా ఆయనే వెనక గదిలో ఉండమన్నారు. సముద్రంలో దీవుల జనాలు ఎలా బతుకుతారు, ఏం సంపాదిస్తారు అని రెండు చోట్లను పోల్చి రాయడం ఆమె చదువు. వెళ్ళాల్సిన ప్రయాణాలన్నీ రద్దయిపోయాయి. మొదటి శనివారం మా వంటింట్లో వాళ్ళిద్దరినీ చూసి ఎగిరి గంతేసింది.

"ఆంటీ! నేను ఏడికి పోవాల్నో ఆ రెండు దీవులు మీ మెట్ల మీదనే ఉన్నయి గదా!"

మా పిల్లే, అడిగినవి చెప్పండి అని నేనే వాళ్ళకు చెప్పాను. ఇద్దరూ చెప్పారు. నవ్యశ్రీ ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేసుకుంది. అయ్యాక ఫోను మూసి, ఇక మామూలు మాటలు అనేది.

నవంబరులో మా ఆయనకు జ్వరం వచ్చింది. అంబులెన్సు ఎక్కేటప్పుడు స్వెటర్ ఇవ్వమన్నారు, ఇచ్చాను. తరవాత మనిషిని చూడలేదు. పన్నెండో రోజు ఫోన్ వచ్చింది. దహనానికి కొద్దిమందే రావాలన్నారు. ఆ కొద్దిమందీ కూడా రాలేదు. ఐవీ, రోసిటా, నవ్యశ్రీ, నేను.

తిరిగి వచ్చాక రోసిటా అంది: "మా దీవిలో మనిషి పోతే తొమ్మిది సాయంత్రాలు జపమాల తిప్పుతాం. లక్ష్మణ్ మీ దేవుడి మనిషే కానీ, పోయినవాడు ఎవరైనా పోయినవాడే."

ఒక ఇంట్లో చేరకూడదు. అందుకని సాయంత్రం అయిదింటికి ఎవరి గడప ముందు వాళ్ళు కుర్చీ వేసుకున్నాం. రోసిటా మధ్య అంతస్తు నుంచి చదివేది, ఐవీ పై నుంచి పాడేది, నేను కింద కూర్చుని వినేదాన్ని. వాళ్ళింటి పద్ధతి ప్రకారం రోజుకొకరు తమ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు పైకి చెప్పాలి. అసలు పేర్లే చెప్పాలి, లేకపోతే ప్రార్థన చేరదట.

ఆరో రోజు ఐవీ వంతు. గుంటర్ పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. చివరికి ఒక పేరు చెప్పింది, మేమెప్పుడూ విననిది. చెప్పి ఏడ్చింది.

మాస్కు పెట్టుకుని మా వంటింటికి దిగి వచ్చింది. కిటికీ తెరిచి కూర్చోబెట్టాను. అది వాళ్ళమ్మ పేరట. తన ఇంట్లో పటం కట్టి పెట్టుకుని, అమ్మ అని మాకు చూపించే మిసెస్ రోల్ కాదు, కన్నతల్లి. హైతీ నుంచి పడవలో వచ్చి మిసెస్ రోల్ ఇంట్లో బట్టలుతికిన మనిషి. బహామాస్‌లో హైతీ వాళ్ళంటే ఎంత చులకనో అప్పుడు చెప్పింది. అక్కడే పుట్టిన పిల్లలకు కూడా ఆ దేశపు కాగితాలు ఊరికే రావు. అందుకని మిసెస్ రోల్ ఇద్దరు ఆడపిల్లలనూ తన కడుపున పుట్టినట్టు రాయించింది. ఐవీకి తొమ్మిదేళ్ళప్పుడు పోలీసులు వచ్చి తల్లిని ఓడెక్కించి పంపేశారు.

"బళ్ళో ఎవరైనా హైతీ పిల్ల కనపడితే అందరికంటే గట్టిగా నేనే తిట్టేదాన్ని శాంతా, నన్ను ఎవరూ అనుమానించకుండా. అమ్మను తిట్టినట్టే కదా."

తనకంటే జర్మనీ పాస్‌పోర్టు ఉంది. చెల్లెలికి ఆ దొంగ కాగితమే ఆధారం. ఇంటి కప్పు కోసం సర్కారుకు అర్జీ పెట్టుకుని ఉంది. ఎవరైనా వేలెత్తి చూపితే కప్పూ పోతుంది, ఊరూ పోతుంది. "నువ్వూ, మెట్ల మీద ఆ పేరు విని అడిగితే నేను చెప్పిన రోసిటా. ఇంకెవరికీ తెలియకూడదు," అంది. నా భర్త మీద ఒట్టేశాను.

మర్నాడు నేను మెంతికూర వలుస్తుంటే నవ్యశ్రీ వచ్చి పక్కన కూర్చుని తనూ ఒక కట్ట తీసుకుంది.

"నిన్న ఐవీ ఆంటీ ఎందుకట్ల ఏడ్చింది?"

చెప్పేశాను.

ఎందుకు చెప్పానో ఎన్నిసార్లు తలుచుకున్నా ఒకటే తేలుతుంది. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగు మాకు తలుపు వేసిన గది. బస్సులో పక్కనున్నావిడ టోపీ గురించి, డాక్టరు ఎదురుగా డాక్టరు గురించి, అన్నీ తెలుగులోనే అనుకున్నాం. ఒక్క మాట గోడ దాటలేదు. జర్మన్‌లో అయితే ఆ సంగతి నా నోటి నుంచి వచ్చేది కాదు. తెలుగులో చెప్పడం నాకు బయటికి చెప్పినట్టే అనిపించలేదు. ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో, ఎవరితోనో ఒకరితో తెలుగు మాట్లాడితే చాలన్నట్టు ఉంది ప్రాణం.

"ఎవరికీ చెప్పకమ్మా," అన్నాను.

"నేనెవరికి చెప్త ఆంటీ? మీ మీద ఒట్టు."

మరుసటి శరదృతువులో మళ్ళీ ఒకచోట కూర్చోనిచ్చాక, నవ్యశ్రీ తన పుస్తకం రెండు కాపీలు ఎర్ర రిబ్బన్ కట్టి తెచ్చింది. మంచి మార్కులొచ్చాయట, యూనివర్సిటీ వాళ్ళ వెబ్‌సైటులో కూడా పెట్టారట. కేసరి చేశాను. ఐవీ మంచి బ్లౌజు వేసుకుని వచ్చింది. నవ్యశ్రీ ఎవరితోనో ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్ళింది. రోసిటా కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషులో పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఇదిగో విను ఐవీ, మావాళ్ళు చెక్కుల మీద ఆధారపడి బద్ధకస్తులయ్యారట! మీవాళ్ళు ఓడల మీద ఆధారపడ్డారట! పాతికేళ్ళుగా మనం తిట్టుకున్నదే, దీనికి మార్కులిచ్చారు!"

ఐవీ పకపకా నవ్వింది. రోసిటా పేజీ తిప్పి, రెండు గడుల పట్టిక ఒకటి చూసి, ఆగిపోయింది.

"చదువు," అంది ఐవీ.

"చిన్న అక్షరాలు. కనపడటం లేదు."

ఐవీ పుస్తకం తీసుకుని తనే చదువుకుంది. బహామాస్ గడిలో, పుట్టుక దాచుకోవడం అనే మాట కింద ఉంది. జిండెల్ఫింగెన్‌లో ఆఫీసులు శుభ్రం చేసే ఒక విధవ, మిసెస్ బి. ఆమె తల్లి కాగితాలు లేని హైతీ స్త్రీ. అక్కాచెల్లెళ్ళిద్దరి జననపత్రాలూ అబద్ధం. చెల్లెలు ఇప్పటికీ ఫ్రీపోర్టులోనే.

ఐవీ రోసిటా వైపు చూసింది. రోసిటా అడ్డంగా తల ఊపింది. అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు చెప్పావా?"

ఆ పిల్ల తలుపు చాటున విన్నదేమో అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"చెప్పాను," అన్నాను.

ఐవీ కేసరి గిన్నె పక్కకు జరిపి, రిబ్బన్ మడిచి పుస్తకంలో పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నవ్యశ్రీ లోపలికి వచ్చాక అడిగాను. ఆ పిల్లకు నా కోపమే అర్థం కాలేదు.

"పేరు మార్చిన గదా ఆంటీ! చూడుండ్రి, మిసెస్ బి అని రాసిన."

"బహామాస్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో ఆఫీసులు తుడిచే విధవలు ఎంతమంది ఉన్నారమ్మా?"

"గదంతా ఎవరు చూస్తరు? అది లేకుంటే నా థీసిస్‌ల పస లేదన్నరు మా గైడు. మీరు చెప్పిన్రు కాబట్టే రాసిన."

"ఒట్టేశావు కదే."

"ఒట్టేసినప్పుడు అది థీసిస్‌ల రాస్తనని నాకే తెల్వదు," అంది. తల దించుకోలేదు.

ఐవీ యూనివర్సిటీకి ఫిర్యాదు రాసింది. వారం తిరగకుండా నవ్యశ్రీ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. శాంత అనే నేను మధ్యవర్తిగా ఉండి, ఐవీకి అంతా వివరించి, ఆమె ఒప్పుకున్నాకే ఈ సంగతి రాయించానని ఉంది. కింద సంతకం చెయ్యాలి. నేను చెయ్యనన్నాను. సాయంత్రానికి తెలుగు సంఘం పెద్ద భాస్కరరావు గారు ఫోన్ చేశారు. నలభై ఏళ్ళుగా ఇక్కడున్న డాక్టరు.

"చూడమ్మా శాంతా, ఒక్క సంతకం. ఆడపిల్ల చదువు, వీసా అన్నీ దీని మీదే ఉన్నాయి. ఆ ఐవీ ఎవరు, మన పిల్ల ఎవరు?"

"మా ఆయన పోయినప్పుడు తొమ్మిది రోజులు మెట్ల మీద కూర్చున్నది ఆవిడేనండీ."

"కరోనా రోజులు కదమ్మా, మేం రాలేకపోయాం."

"మిమ్మల్ని అనడం లేదండీ," అన్నాను. అన్నట్టే అయింది.

జరిగింది యూనివర్సిటీకి ఉత్తరంగా రాయడానికి మూడు రోజులు పట్టింది నాకు. ఐవీ నేర్పిన జర్మన్‌లోనే, తప్పులతోనే రాశాను. ఐవీ ఈ సంగతి చదువు కోసం చెప్పలేదు. నన్ను నమ్మి నాకు చెప్పింది. నేను ఈ అమ్మాయిని నమ్మి చెప్పాను. రాసే ముందు ఐవీని ఎవరూ అడగలేదు. కింద నా పేరు రాసి, నేనే పోస్టు డబ్బాలో వేశాను.

నేను కూరలకు వెళ్ళినప్పుడు నవ్యశ్రీ సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. తాళంచెవి ఉత్తరాల డబ్బాలో వేసింది. ఏడాదికి పైగా నా చేతి అన్నం తిన్నది, ఒక చీటీ ముక్క రాయలేదు. సంఘం వాళ్ళ ఉగాది పిలుపులు కూడా అప్పటి నుంచే ఆగిపోయాయి.

జవాబు డిసెంబరులో వచ్చింది. వెబ్‌సైటు నుంచి పుస్తకం తీసేశాం, ఆ భాగం లేకుండా విద్యార్థిని మళ్ళీ రాయాలి అని. దాన్ని పట్టుకుని రెండో అంతస్తుకు వెళ్ళాను. ఐవీ తలుపు సగం తెరిచి, గడపలో నిలబడే మొత్తం చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఈలోపు ఎంతమంది చదివారో ఇందులో లేదు," అంది.

"లేదు."

"మా చెల్లెలు రెండు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదు. చదివిందో, ఎవరైనా చెప్పారో, ఒంట్లో బాగోలేదో, నాకు తెలియదు."

ఉత్తరం నా చేతికిచ్చింది. తలుపు విసురుగా వెయ్యలేదు, నెమ్మదిగానే వేసింది. ఆ వెంటనే లోపల గొళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది. పాతికేళ్ళుగా ఆ ఇంట్లోకి వెళ్తూ వస్తూ ఉన్నాను. ఆ తలుపుకి గొళ్ళెం ఉందని నాకు తెలియదు.