అద్దం మీద వేడినీళ్ళు

న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన, కొండల మీది ఆ ఊళ్ళో మంచు పడుతుందని నాకెవరూ చెప్పలేదు. మావారిని వై టూ కే పని మీద ఆ వారం సిడ్నీ పంపారు. బుధవారం పొద్దున తలుపు తీస్తే వాకిలంతా తెల్లగా ఉంది. ఐదు నెలల పాప ఒళ్ళు కాలిపోతోంది.

ఎదురింటి కుర్రజంట పైజమాలతోనే బయటికొచ్చి మంచుబొమ్మ చేస్తున్నారు. "ఇవాళ పనికి సెలవు!" అని నాకు చెయ్యూపారు. పక్కింటి పెద్దాయన మాత్రం ఆకాశాన్ని తిడుతున్నాడు. ఊరి బయట ఆయన గొర్రెలు ఈనే రోజులవి.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే కారు ముందద్దం మీద మంచు గట్టిపడిపోయింది. పాప స్నానానికి కాచిన నీళ్ళు తెచ్చి గబగబా పోశాను. ఠప్పుమని అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది.

"టీ పెడుతున్నావా, లవ్?" అన్నాడు పెద్దాయన, అక్కడ అందరినీ పిలిచే పిలుపుతోనే. నా ముఖం చూసి నవ్వు ఆపేసి, పాపని తీసుకుని తన బండి ఎక్కమన్నాడు. సీటు కింద గోనెసంచిలో చుట్టిన గొర్రెపిల్ల ఒకటి వణుకుతోంది. దారంతా రెండింటి ఊపిరీ వింటూ కూర్చున్నాను.

డాక్టరు జలుబేనన్నాడు, బయటికి తేవద్దన్నాడు. కొత్త అద్దం రావడానికి వారం పడుతుందన్నారు కారు షెడ్డువాళ్ళు.

సాయంత్రం మావారు ఫోన్ చేశారు. "స్నో పడిందటగా, నువ్వు లక్కీ! ఫోటోలు తీశావా?"

"పాప నిద్రపోతోందండీ," అన్నాను. కిటికీ బయట మళ్ళీ మొదలైంది.