మృత్యువుకి మేజోళ్ళు

మా యోప్స్ట్‌కి మృత్యువంటే జాలి. భయం కాదు, జాలి. బాసెల్ పట్టణంలో రుడోల్ఫ్‌గారి అచ్చుశాలలో అతనూ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, పాత మృత్యు చిత్రాలకు చెక్క మీద నకళ్ళు చెక్కేవాళ్ళం. రాజునీ, బిషప్పునీ, రైతునీ ఒక అస్థిపంజరం వచ్చి లాక్కుపోయే బొమ్మలవి. చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమనాలి. యోప్స్ట్‌కి కడుపు తరుక్కుపోయేది.

"ఒంటి మీద నూలుపోగు లేదురా పాపం! ఈ చలిలో ఊరంతా తిరగాలి," అనేవాడు.

"ఆయనకి చర్మమే లేదు, చలెక్కడిది?"

"అదే కదా నా బాధ! చర్మముండి కూడా నువ్వు వణికిపోతున్నావు."

దాంతో రాజు బొమ్మలో మృత్యువు మెడకి ఉన్నిగుడ్డ చేరింది. బిషప్పు బొమ్మలో నెత్తిన టోపీ. దున్నే రైతు పక్కన పరిగెత్తే మృత్యువుకి ఏకంగా బూట్లు తొడిగాడు. "రాళ్ళ నేల కదా," అని సంజాయిషీ.

రుడోల్ఫ్‌గారు నెత్తి బాదుకున్నారు. "ఒరేయ్, నకలంటే ఉన్నది ఉన్నట్టు చెక్కడం! తీసేసిన చెక్క మళ్ళీ అతుక్కుంటుందా?"

"అతుక్కోదండీ. అందుకే బూట్లు గట్టివి చెక్కాను."

వైద్యుడి బొమ్మలో మృత్యువు చేతికి వేడి సూప్ గిన్నె ఇచ్చిన రోజున రుడోల్ఫ్‌గారి ఓపిక అయిపోయింది. "రేపట్నుంచి పనిలోకి రాకు," అనేశారు. ముప్పై ఏళ్ళుగా చెక్కుడు కత్తి తప్ప మరోటి తెలియని మనిషి! యోప్స్ట్ మాత్రం తడి ఆరని ఆ అచ్చు కాగితం పట్టుకుని మేడ మెట్లెక్కాడు. "ఎక్కడికిరా?" అని అరుస్తూ యజమాని, ఆయన వెనకాల నేను.

పైన యజమాని తల్లి వెరెనా అవ్వ మంచం పట్టి ఉంది. కింద ఈ బొమ్మలు మొదలైనప్పుడు, తలుపు చప్పుడైతే చాలు మృత్యువే వచ్చాడని దుప్పటి ముసుగేసుకునేదనీ, గంజి కూడా ముట్టేది కాదనీ మేం విన్నాం. ఇప్పుడు చూస్తే దిండుకి ఆనుకుని దర్జాగా కూర్చుంది.

"సూప్ ఇచ్చావా? నిన్న నే చెప్పింది మర్చిపోలేదన్నమాట," అంటూ బొమ్మ లాక్కుని పకపకా నవ్వింది.

మెడగుడ్డ, టోపీ, బూట్లు అన్నీ ఆవిడ పురమాయింపులే! మొదటిరోజే యోప్స్ట్ బొమ్మ పట్టుకెళ్ళి, "చలికి వణుకుతున్నాడవ్వా, ఏం తొడుగుదాం?" అని అడిగాడట.

"వీణ్ణి పనిలోంచి తీసేశానమ్మా," అన్నారు రుడోల్ఫ్‌గారు, నీళ్ళు నములుతూ.

"మరి మిగతా బొమ్మలు ఎవడు చెక్కుతాడు, నువ్వా? చిన్నప్పుడు గాడిదని గియ్యమంటే కోడిని గీసేవాడివి."

ఆవిడ ఒళ్ళో సగం అల్లిన ఉన్ని మేజోళ్ళున్నాయి. పుల్లల్లాంటి కాళ్ళకి సరిపోయేంత సన్నగా, పొడుగ్గా ఉన్నాయి.

"ఆయన వచ్చినప్పుడు ఇస్తాను. అంత దూరం నుంచి వచ్చేవాణ్ణి వట్టికాళ్ళతో నడిపిస్తామా?"

అది జరిగి ఆరేళ్ళయింది. యోప్స్ట్ ఇప్పటికీ నా పక్కనే కూర్చుని చెక్కుతున్నాడు. ఆయన మాత్రం ఇంకా రాలేదు. మేజోళ్ళకు రెండుసార్లు పురుగు పట్టింది. ఆయన ఆలస్యాన్ని తిట్టుకుంటూ అవ్వ మూడో జత అల్లుతోంది.