ఐసీయూ పైకప్పు మీద బాపు కర్ర చప్పుడు

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. ఎప్పుడు చూసినా అదే తెల్లచీర, అవే గజ్జెలు, అదే మల్లెపూల వాసన. మా శ్రీరాంపూర్‌లో బొగ్గుబావిలో చనిపోయినవాళ్లు మళ్లీ షిఫ్టుకు వస్తారని ముసలివాళ్లు చెబుతుంటే, బతికున్నప్పుడు చేసిన చాకిరీ చాలలేదా వాళ్లకు అని మొహం మీదే అడిగేదాన్ని. అలాంటి నేను ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే చిరాగ్గా ఉంది.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో, పరిశోధన విభాగంలో పనిచేస్తాను. పెద్ద ఆపరేషన్ అయిన కొందరికి లోపల రక్తం కారి షాక్‌లోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. షాక్ అంటే సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని కూలబడడం కాదు. రక్తం చాలనప్పుడు శరీరం ముందు కాళ్లకూ చేతులకూ తగ్గించేసి, గుండెనూ మెదడునూ కాపాడుకుంటుంది. బీపీ పడేది చివర్లో. అది పడేదాకా ఆగితే మనిషి దక్కడం కష్టం.

బీపీ కంటే ముందే కాలి వేలి దగ్గర ఈ తేడాను పట్టుకునే ఒక యంత్రం మీద మా పెద్ద సర్జన్ అధ్యయనం చేస్తున్నాడు. బొటనవేలికి దాని వేడిని కొలిచే ఒక క్లిప్పు, మంచం పక్కన ఒక డబ్బా. అంతా బాగుంటే పచ్చలైటు, తేడా వస్తే ఎర్రలైటూ గంటా. ఒప్పుకున్న రోగులకు దాన్ని తగిలించి గమనించడం నా పని. సర్జన్ చేయి మంచిదే, కాదనను. కానీ రౌండ్సుకు వస్తే రోగి కంటే ముందు డబ్బాను పలకరించే రకం. చుట్టూ జూనియర్లు ఆ డబ్బాకు తలలూపుతూ నిలబడేవాళ్లు.

మా బాపుకు, అంటే నాన్నకు, కడుపులో క్యాన్సర్ అని తేలినప్పుడు మా ఆసుపత్రిలోనే చేర్చాను. నన్ను కన్న అవ్వ ఎప్పుడో పోయింది. నాకు మిగిలింది ఆయనొక్కడే.

బాపు బొగ్గుబావి కార్మికుడు. భూమి లోపల పనికి దిగినప్పుడు ముందు పైకప్పును కర్రతో కొట్టి చెవి పెట్టి వినాలి. ఖణేల్‌మంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే పైన రాయి విడిపోయినట్టు. అప్పుడు మాట్లాడే పని లేదు, కింద ఉన్నవాళ్లను కాలో చెయ్యో ఏది దొరికితే అది పట్టుకుని బయటికి ఈడ్చాలి. రిటైరయ్యాక కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు. కొసకు ఇనుప పొన్ను వేసిన చేతికర్రతో ఏ ఇంట్లోనైనా ముందు పైకప్పు కొట్టి చూసేవాడు. నాకు సంబంధం చూడడానికి పోయి, వాళ్ల కుర్చీ ఎక్కి వాళ్ల స్లాబే కొట్టాడు మహానుభావుడు. ఆ సంబంధం తప్పిపోయింది.

ఆసుపత్రి గదిలోనూ అదే తంతు. నర్సు లావణ్య ఇంజెక్షన్ పట్టుకుని నిలబడితే, ఈయన కర్ర ఎత్తాడు.

"జర ఆగు బిడ్డా, కప్పు సూడనియ్యి."

కొట్టగానే ఫాల్స్ సీలింగ్ షీటు సొట్టపడింది. "గిదేం కప్పు? అట్టముక్క. దీనికింద పండాల్నా?" అన్నాడు. లావణ్య పడీపడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కర్ర లాక్కుని నా గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కోటు జేబులో వేసుకున్నాను.

సాయంత్రం మా మేనత్త రూతమ్మ చర్చి నుంచి ప్రార్థన చేయించిన నూనె సీసాతో దిగింది.

"అత్తా, నూనె పోపుకు ఎక్కువ పనికొస్తది, తీస్కపో" అన్నాను.

"నీ నోరు పాడుగాను, పక్కకు జరుగు" అని నన్ను నెట్టి, ఆయన నుదుటికి రాసే పోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు. మరునాడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఐసీయూలో బాపు మంచం పక్కన కూర్చున్నాను. నొప్పికి ఇచ్చిన మందు మత్తులో నిద్రపోతున్నాడు. బీపీ బాగుంది. డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోంది. ఆ లైటు మీద నాకెంత నమ్మకమంటే, అత్తకు సీసా మీద కూడా అంత లేదు.

అప్పుడు తలుపు వైపు పైకప్పు మీద చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు కొట్టి ఆగింది. మళ్లీ మూడు దెబ్బలు.

పైన ఏసీ పని చేస్తున్నారనుకుని విసుక్కున్నాను. లావణ్య కూడా తలెత్తి చూసింది. "పైన ఎవలు మేడమ్ గట్ల కొడుతుండ్రు? పేషెంట్లు పండుకున్నరన్న సోయి లేదా?" అంది. అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు.

చప్పుడు ఒక్కో మంచం మీదుగా ఇటు జరుగుతూ వచ్చింది. ప్రతిచోటా ఖణేల్‌మని రాయి మోగినట్టు మోగింది. ఆ సీలింగ్ అట్టలాంటి షీటు. వేలితో నొక్కినా లోపలికి పోతుంది, అలా మోగే వస్తువే కాదు.

బాపు మంచం మీదకు వచ్చేసరికి చప్పుడు మారింది. డొల్లగా పలికింది.

నేనేమీ ఆలోచించలేదు. బొగ్గుబావి కార్మికుడి ఇంట్లో పెరిగిన ఒళ్లు దానంతటదే లేచింది. ఆయన్ని అక్కణ్నుంచి ఈడ్చేయాలని దుప్పటి లాగి రెండు పాదాలూ పట్టుకున్నాను. పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి. మోకాళ్ల మీద నీలంగా మచ్చలు కట్టాయి. వేలికి ఉండాల్సిన క్లిప్పు ఊడిపోయి, కాళ్ల మీది నుంచి జారిపోయిన వేడిగాలి దుప్పటి మడతల్లో పడి ఉంది. డబ్బా ఇంతసేపూ ఆ దుప్పటి వేడికి పచ్చగా నవ్వుతోంది!

సర్జన్‌కు ఫోన్ చేశాను.

"బీపీ ఎంత?"

"బాగానే ఉంది సార్. కానీ కాళ్లు..."

"మెషీన్ గ్రీనే కదా? నువ్వు కూతురిలా చూస్తున్నావు. కొంచెం నీళ్లు తాగి కూర్చో."

"మీ మెషీన్ దుప్పటిని చూస్తోంది సార్. మీరొచ్చి మనిషిని చూడండి" అని అరిచాను. నా ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. ఆయన వచ్చాడు. స్కాన్ పెడితే కడుపు నిండా రక్తం. ఒక నాళానికి వేసిన ముడి జారింది. డ్రెయిన్ గొట్టం గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోవడంతో బయటికి చుక్క కూడా రాలేదు. వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి కడుపు తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆయనే ఒప్పుకున్నాడు.

బాపు బతికాడు. థియేటర్ బయట నేల మీద కూలబడి పసిపిల్లలా ఏడ్చాను.

ఇక ఆ తర్వాత జరిగిన తమాషా చూడాలి. రూతమ్మత్త తన నూనె మహిమ అంది. లావణ్య కొండగట్టు అంజన్నకు మొక్కానని బొట్టు తెచ్చి పెట్టింది. సర్జన్ ఒక సభలో బాపు కేసును తెర మీద చూపించి, షాక్‌ను ముందుగా పసిగట్టిన ఉదాహరణ అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. చివరి వరుసలో నేను మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ ముగ్గురిలో అత్తే నయం, కనీసం ఆమె తన సీసాకు సభ పెట్టలేదు.

ఆ పూట ఐసీయూ పైన ఎవరూ పని చేయలేదని మెయింటెనెన్స్ వాళ్లు చెప్పారు. బాపు మంచం మీది సీలింగ్ షీటు నేనే స్టూలెక్కి చూశాను. గీత కూడా లేదు. బీరువా తాళం తీస్తే కర్ర పెట్టినచోటే ఉంది.

బాపును శ్రీరాంపూర్‌కు తీసుకుపోయాక కర్ర ఆయన చేతికిచ్చాను. నడవడానికి వాడుతున్నాడు గానీ పైకప్పు కొట్టడం మానేశాడు. మొన్న కొత్తగా కట్టిన చర్చి హాల్లోకి నేరుగా నడిచి వెళ్లి కూర్చున్నాడు. నాకు ఆగలేదు.

"ఏం బాపు, కప్పు సూస్తలేవు?"

"ఇగ నేనెందుకు సూసుడు బిడ్డా? సూసెటోళ్లు సూస్తుండ్రు గద."

"ఎవలు?"

ఆయన నా మొహంలోకి చూసి, "ఆకలైతుంది, అన్నం ఎప్పుడు పెడతరో అడుగు పో" అన్నాడు.

దయ్యాల మీద నా అభిప్రాయం మారలేదు. ఆ చప్పుడు ఏమిటో తెలుసని ఎవరైనా వచ్చి వివరిస్తే వాళ్లనూ నమ్మను. నాకు తెలియదు, అంతే. కానీ ఒక్క సంగతి దగ్గర నా వెటకారం ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం విన్న చప్పుడు గురించి నేను గానీ లావణ్య గానీ బాపుకు ఇప్పటిదాకా చెప్పనేలేదు.