కల్లు లెక్కలోకి రాదనుకున్న బావ

మా చుట్టాలిళ్లలో దినాలకు తెప్పించే ప్లాస్టిక్ కుర్చీల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఒక్కటీ నాలుగు కాళ్ల మీద నిలబడదు. అలియాబాద్‌లో మా బావ పెదనాయన దినాలప్పుడు కూడా నేను ఒక పక్కకు ఒరిగే కూర్చున్నాను. బావ మాత్రం నిటారుగా కూర్చుని, పోయినాయన పేరు చెప్పి పోసిన కల్లు కాదనకుండా తాగాడు. అక్కడ వద్దంటే పోయిన మనిషిని అవమానించినట్టే.

మధ్యాహ్నం బండి మీద తిరుగు ప్రయాణం. ఆయన ముందు, నేను వెనక. నాకు నడపడం రాదు. శామీర్‌పేట దగ్గర పోలీసులు ఆపారు. మిగతావాళ్లు బతిమాలుకుంటుంటే బావ వాళ్లను దాటుకుని వెళ్లి, జల్దీ అయిపోతుందని తనే గొట్టం అందుకుని ఊదాడు. కల్లు మందు కాదని ఆయన గట్టి నమ్మకం. మిషన్‌కు ఆ పట్టింపు లేదు.

బండి అక్కడే ఉండిపోయింది. బావ బౌరంపేట్‌లో ఒక బడికి బస్సు నడుపుతాడు. కోర్టు జరిమానాతో సరిపెడుతుందో, జైలుకు పంపుతుందో తెలియదు. లైసెన్సు సస్పెండ్ అయితే ఉద్యోగం ఉండదని మాత్రం తెలుసు. ఆ వారం అక్క ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను ఒకటి రెండు జోకులు వేసి చూశాను. అన్నం పెట్టారు, అంతే.

కోర్టుకు ముందు కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మన్నారు. అక్కా నేనూ వెళ్లాం. తాగి నడిపినవాళ్ల భార్యలూ తల్లులూ, హెడ్మాస్టర్ పిలిపించిన తల్లిదండ్రుల్లా తలలు దించుకుని కూర్చున్నారు. కుర్చీలు మాత్రం స్థిరంగా ఉన్నాయి. ప్రమాదాల వీడియోలు చూపించాక ఎస్సై బావను లేపి, ఏం తాగావని అడిగాడు.

"కల్లే గద సార్. రోజు పొద్దుగాల ఇంత తాగినంకనే బస్సెక్కుత. గిన్నేండ్ల సంది బస్సుకు ఒక్క గీత వడలే," అన్నాడు బావ, ఎంతో మర్యాదగా.

తన తరఫున అంతకంటే గట్టి సాక్ష్యం లేదనుకున్నాడు. ఎస్సై అక్క వైపు చూశాడు. కొంగు అంచు మెలిపెడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

బయటకు వచ్చాక, లైసెన్సు పోకుండా ఎవరినైనా పట్టుకోవచ్చేమో చూడమని బావ నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అక్క ఆయనతో అంది:

"మన బిడ్డ గూడ గదే బస్సుల పోతది."