పూజగదిలో వైఫై

విలువైన వస్తువు ఏదైనా పూజగదిలో ఉంటే క్షేమమని చాలామంది నమ్మకం. తిరుపతిలో లాడ్జి గుమాస్తాగా చాలాకాలం పనిచేసిన కుప్పయ్య, చంద్రగిరిలోని తన ఇంటికి వైఫై వచ్చిన రోజే రౌటర్‌కు కుంకుమబొట్టు పెట్టి, దేవుడి పటాల వెనుక, ఇత్తడి మకరతోరణం చాటున భక్తిగా కూర్చోబెట్టాడు. ఆనాటి నుంచి హాల్లో ఏ వీడియో కాల్ నిలవలేదు.

ఆ శుక్రవారం పదకొండు గంటలకు కూతురు కోమలికి ఫోన్‌లోనే వీడియో ఇంటర్వ్యూ ఉంది. ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం అది. అది చేజారితే ఆమె చెన్నైలో హాస్టల్ చూసుకోవాలి. ఆమె ఇంట్లోనే ఉండాలన్నది కుప్పయ్య కోరిక.

“వైఫై కంపెనీవాళ్లదే తప్పు మ్మా,” అన్నాడాయన.

కోమలి ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మనిషి కూర్చునే చోటు కూడా లేని పూజగదిలో నిండుగా ఉన్న సిగ్నల్ హాల్లోకి రాగానే సన్నగిల్లింది.

“ముందర ఇత్తడి, సుట్టూ రాతిగోడ. దేవుడికి ఫుల్లుగా వస్తా ఉండాది నాయనా, మనకే రాలేదు. దాన్ని హాల్లో పెట్టు.”

“ఇప్పుడు రాహుకాలం. పూజగదిలో వస్తువు కదిలించకూడదు. పన్నెండు దాటనీ.”

“ఉద్యోగమిచ్చేటోళ్లు నీ రాహుకాలం సూసి పిలుస్తారా?” అని వంటింట్లోంచి భార్య సుబ్బులమ్మ నవ్వింది.

దేవుడు సర్వవ్యాపి కావచ్చు, రౌటర్ కాదు. ఈ భేదాన్ని అంగీకరించడానికి కుప్పయ్యకు కొంత సమయం పట్టింది. చివరికి పదకొండు కాకముందే, రాహుకాలంలోనే, తన చేతులతో రౌటర్‌ను తెచ్చి హాల్లో టీవీ బల్లమీద పెట్టాడు.