ఒక్క పూట, రెండు విస్తళ్లు

ఒక ఊరి ఎన్నికను ఒంటిచేత్తో, అదీ సంగటి ముద్ద తిన్న చేత్తో, మాయం చేసిన ఘనుణ్ణి నేను. నమ్మకం కుదరకపోతే చివరిదాకా చదవండి. మీరు కూడా పరిశోధన చేస్తున్నవారైతే ఇంకాస్త జాగ్రత్తగా చదవండి.

పందొమ్మిదివందల యాభైల నాటి మాట. అప్పుడు నేను కడపలో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. ఇద్దరు పోటీపడే పంచాయతీ ఎన్నికలో పల్లెటూరి ఓటరు ఎటు మొగ్గుతాడు, ఎందుకు మొగ్గుతాడు అన్నది నా పరిశోధన. వేసవి సెలవులు ముగిసేలోగా వంద ప్రశ్నావళి పత్రాలు నింపి మా ఆచార్యులవారి చేతిలో పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే మా ఇంటికి పోయి వేరుశనక్కాయలు ఒలుచుకోవడం ఖాయం.

ఆచార్యులవారు చేసిన హితబోధ ఒక్కటే. "నిష్పక్షపాతంగా ఉండవయ్యా. ఒకరి దగ్గర ఎంతసేపు కూర్చుంటే రెండోవారి దగ్గరా అంతసేపే కూర్చో."

బనగానపల్లె దగ్గర ఒక ఊరు చూసుకున్నాను. ప్రెసిడెంటు పదవికి ఓబుళరెడ్డి, నాగిరెడ్డి పోటీ. ఇద్దరూ దాయాదులు. వీధికి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. మామిడితోటలకు పోయే బండిదారి సగం ఒకరి చేలో, సగం ఇంకొకరి చేలో ఉంది. మూడేళ్లుగా ఎవరి సగానికి వాళ్లు ముళ్లకంప అడ్డం కొట్టారు. దాంతో ఇద్దరి కాయలూ మనుషుల నెత్తిమీదే వస్తున్నాయి.

నన్ను ఆ ఊరికి తీసుకుపోయింది జట్కా ఖాసిం. దారిలో అడిగాడు.

"సార్, సద్ది తెచ్చుకున్నారా?"

"ఎందుకూ?"

"ఆ ఊర్లో ఒకరింట్లో తింటే ఇంకొకరింట్లో తినగూడదు సార్. యాడా తినకుంటే ఇంకా మంచిది."

"నేను ఎం.ఏ. చదివాను ఖాసిం. ఇవన్నీ నాకు తెలుసు."

"అట్లనా" అని గుర్రాన్ని అదిలించాడు. ఇల్లు అలకగానే పండగ కాదన్నారు పెద్దలు. ఎం.ఏ. ప్యాసవగానే బుద్ధి రాదని కూడా అని ఉంటే నా బోటివాళ్లకు ఉపకారంగా ఉండేది.

ఓబుళరెడ్డి వాకిట్లోనే పట్టుకున్నాడు. "ఏమప్పా అయివారూ, ఇంత ఎండలో వచ్చి తినకుండా పోతావా?" సంగటి, పుంటికూర పప్పు, మూడు ఓళిగలు, అంటే బొబ్బట్లే, తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఆచార్యులవారి మాట గుర్తొచ్చింది. అంతే, ఆ తడి చేత్తోనే వీధి దాటి నాగిరెడ్డి ఇంటికి పోయి, సిగ్గు లేకుండా అన్నం పెట్టమని అడిగాను.

ఆయన నా చెయ్యి చూశాడు. "ఆ ఇంట్లో తినే వస్తాండావు గదా?"

"అవునండీ. అందుకే ఇక్కడా తినాలి."

తన భుజమ్మీది తువ్వాలుతో ఆ తడి చెయ్యి తుడిచాడు. తర్వాత "లోపలికి రాప్పా" అన్నాడు. నా పిడికెడు తిండికి అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాలేదు. జొన్నరొట్టె, వంకాయ కూర, మళ్లీ ఓళిగలు. అక్కడ మూడు తిన్నాను కాబట్టి ఇక్కడా మూడే తిన్నాను. మూడో ఓళిగకు నిష్పక్షపాతం గొంతుదాకా వచ్చింది.

ఎలాగో లేచి ప్రశ్నావళి పత్రాలు పట్టుకుని వీధినపడ్డాను. మొదటి రైతును అడిగాను.

"ఓటు ఎవరికి వేస్తావు?"

"అది నువ్వే చెప్పల్ల గదా సామీ."

రెండోవాడూ అదే మాట. నలభైమందిని అడిగితే నలభైమందీ అదే మాట. పైగా నా వెనకే నడిచి వస్తున్నారు. సాయంత్రానికి ఊరంతా చావడి ముందు చేరింది. మధ్యలో మంచం, దానిమీద దుప్పటి. నన్ను కూర్చోమన్నారు. ఖాసింను పక్కకు పిలిచాను.

"ఏమిటయ్యా ఇదంతా?"

"చెప్తే వింటిరా సార్? ఒకే పూట రెండిండ్లల్లో తిన్నోడంటే ఈడ రాజీ చేసే పెద్దమనిషి. మూడేండ్లుగా అట్ల తినేటోడే రాల్యా."

"బండి కట్టు, పోదాం."

"తీర్పు చెప్పకుండా పోతే రెండిండ్లోళ్లూ కొడతారు సార్. సమానంగా కొడతారు."

నాకు తెలిసింది మొదటి సంవత్సరం విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం ఒక్కటే. కళ్లు మూసుకుని అదే అప్పజెప్పాను. "పౌరులందరూ సమానులు. అధికారం ఒక్కరి దగ్గరే ఉండిపోకూడదు. చేతులు మారుతుండాలి."

ఓబుళరెడ్డి మెల్లగా అన్నాడు. "అంటే కంప ఇద్దరమూ తీయల్ల. ప్రెసిడెంటు పని ఈసారి నాగిరెడ్డికి, పైసారి నాకు. అంతేనా?"

"అంత మాట నేను..."

"శానా బాగ చెప్పినాడప్పా" అన్నాడు నాగిరెడ్డి. "ఈ మాట కోసమే ఇద్దరం కాచుకోనుంటిమి. ఎవురు ముందు అనల్లనేదే తెలీకపాయ."

మర్నాడు పొద్దున ఓబుళరెడ్డి నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. మూడేళ్ల తర్వాత ఆ దారిలో మామిడికాయల బండ్లు కదిలాయి. నిజం చెప్పొద్దూ, చూసి నాకు కడుపు నిండింది, ముందురోజు నిండినదానికంటే ఎక్కువగా. బండ్లు కనుమరుగయ్యాక గానీ తెలిసిరాలేదు. పోటీ లేదు, ఓటు లేదు, నా వంద పత్రాలూ తెల్లగా ఉన్నాయి.

రెండు బుట్టల మామిడిపండ్లతో ఆచార్యులవారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పుకున్నాను.

"గ్రహణం చూసి రాసుకు రమ్మంటే, గ్రహణాన్నే ఆపి వచ్చావా?"

"పొరపాటైంది సార్."

పండొకటి అందుకోబోయి ఆగారు. "ఇవి ఎవరింటివి?"

"రెండిళ్లవీ సార్. చెరొక బుట్ట."

"అయితే ఒక్క బుట్ట ఇక్కడ పెట్టి, రెండోది నీ గదికి తీసుకుపో. నాకు తీర్పులు చెప్పే ఓపిక లేదు." పండు పిండుకుంటూ మెత్తబడ్డారు. "దసరా దాకా గడువిస్తున్నాను. ఇంకో ఊరు చూసుకో. ఈసారి సద్ది కట్టుకుని పో."

పెరుగన్నం మూట కట్టుకుని, మళ్లీ ఖాసిం జట్కాలోనే, పది మైళ్ల అవతల ఇంకో ఊరికి పోయాను. అక్కడా ఇద్దరు పోటీ. బండి ఆగేసరికి ఎదురెదురు ఇళ్ల అరుగుల మీద రెండు విస్తళ్లు పరిచి ఉన్నాయి. రెండు విస్తళ్ల ముందూ పోటీదారులిద్దరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఖాసిం, వీళ్లకెవరు చెప్పారు?"

"నేను యాడ చెప్తా సార్" అని గుర్రం వంక అనుమానంగా చూశాడు.

జట్కా దిగకుండానే మూట విప్పి పెరుగన్నం తిన్నాను. అక్కడ ఎన్నిక జరిగింది, వంద పత్రాలూ నిండాయి, ఉద్యోగం నిలిచింది. ఆనాడు ఆ జట్కాలో, నోటిలో ముద్ద ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను. ఏ ఊళ్లోనైనా సరే, ఓట్ల లెక్కింపు పూర్తయ్యేదాకా ఒక్క ఇంట్లో కూడా మజ్జిగ చుక్క ముట్టను. లెక్కింపు అయ్యాక మాత్రం, నిష్పక్షపాతంగా, రెండిళ్లలోనూ మూడేసి ఓళిగలు.